సాహసం నేర్పదగిన విద్యేనా?

“ఉద్యోగం” అనే మాటకు ఈనాడు లోకంలో స్థిరపడిన అర్థం ఒక్కటే: నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చే కొలువు. కాని ఆ మాటకు మూలార్థం అది కాదు. ప్రయత్నం, పూనిక, కార్యసన్నాహం అని దాని అర్థం. భారతంలోని ఉద్యోగపర్వానికి ఆ పేరు వచ్చింది ఎవరో కొలువులో చేరినందువల్ల కాదు. ఒక మహాకార్యానికి ఉభయపక్షాలూ సన్నద్ధమైనందువల్ల. “ఉద్యమం” అనే మాటకు సైతం మొదటి అర్థం ప్రయత్నమే. అదేమో ఇప్పుడు ఊరేగింపులకూ ఆందోళనలకూ పేరైపోయింది. మనిషి తనంతట తాను పూనుకొని ఒక పని ఆరంభించడాన్ని తెలిపే రెండు మాటలలో ఒకటి కచేరీకి చేరింది, రెండవది వీధిన పడింది. సొంత పూచీపై ఒక పరిశ్రమనో వర్తకాన్నో నెలకొల్పే వ్యక్తిని పిలవడానికి తెలుగులో సులువైన మాట ఒకటి నిలవకపోవడం బహుశా అందువల్లనే. అట్టి వ్యక్తిని ఇక్కడ “ఉద్యమశీలి” అని, ఆ మాట పాత అర్థంలోనే, వ్యవహరించవచ్చు.

మాటకు పట్టిన గతి మనసుకూ పట్టింది. గోదావరి డెల్టాలో భూమి సారవంతమైనది, నీటికి కొదువ లేదు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ప్రారంభించగా 1852లో అది పూర్తి అయినది. ఒకప్పుడు కాటకాలకు నిలయమైన నేల ధాన్యాగారమైనది. మిగులు పంట వచ్చింది. దానివెంట బియ్యపు మరలు, పడవల వర్తకం, కళాశాలలు వచ్చాయి. ఇంత ఉన్నా సగటు గృహస్థు తన బిడ్డకు కోరేది మాత్రం నికరమైన జీతమే. వ్యాపారం మాట వచ్చేసరికి “అది వాళ్ళ రక్తంలో ఉన్నదండీ, మనకెక్కడ అబ్బుతుంది?” అంటాడు. ఒకడు పైకి వస్తే అదృష్టమంటారు, చెడిపోతే నొసటి వ్రాత అంటారు. రెండు విధాలా మనిషి ఆలోచనకు చోటు లేదు. ఈ నమ్మకం నిజమైతే ఉపాధ్యాయుడు ఈ విషయంలో చేయగలిగింది ఏమీ లేదు. అది అబద్ధమైతే మాత్రం అతనిపై పెద్ద బాధ్యతే ఉన్నది. కాబట్టి విచారించవలసిన ప్రశ్న ఇది: ఉద్యమశీలి మనస్సు పుట్టుకతో వచ్చేదా, నేర్చుకుంటే వచ్చేదా?

భర్తృహరి సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి పెద్దాపురం సీమవాడు. కార్యారంభం విషయమై మనుషులను మూడు తరగతులుగా విభజించిన ఆ పద్యం తెలియని తెలుగు ఉపాధ్యాయుడుండడు. విఘ్నభయంతో పనికే పూనుకోనివారు అధములు. పూనుకొని అడ్డంకి రాగానే మానేవారు మధ్యములు. ఎన్ని విఘ్నాలు వచ్చినా విడువనివారు ఉత్తములు. విభజన చక్కగా ఉన్నది. ఐతే ఒక తరగతివాడు పై తరగతికి ఎక్కే ఉపాయమేమిటన్నది సుభాషితం చెప్పదు. సుభాషితం పని అది కాదు. ఆ ఉపాయాన్ని వెదకిన ఒక శాస్త్రీయ ప్రయోగం పెద్దాపురానికి సమీపంలోనే, కాకినాడ పట్టణపు వర్తకులపై జరిగినదన్న సంగతి డెల్టావాసులలోనే చాలామందికి తెలియదు.

వలయాల ఆట

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన డేవిడ్ మెక్‌లెలండ్ 1961లో “ది అచీవింగ్ సొసైటీ” అనే గ్రంథం ప్రకటించాడు. కొన్ని సమాజాలు ఒక కాలంలో చురుకుగా ముందుకు సాగుతాయి, మరికొన్ని నిలిచిపోతాయి. దీనికి ధనం, వనరులు మాత్రమే కారణం కావు, మనుషుల మనస్సులలోని ఒక ఆకాంక్ష కూడా కారణమని ఆయన వాదం. నిన్నటికంటె నేడు మెరుగుగా చేయాలి, ఒక ప్రమాణాన్ని అందుకోవాలి అనే ఆ తపనను తెలుగులో “సాధనాకాంక్ష” అనవచ్చు. అధికారం కోసం ఆరాటం వేరు, నలుగురి ప్రేమ కోసం ఆరాటం వేరు, ఇది వేరు.

ఈ ఆకాంక్ష ఉన్నవారు ఎలా ప్రవర్తిస్తారో తెలుసుకోవడానికి పరిశోధకులు ఒక పిల్లల ఆటను వాడుకున్నారు. నేలపై ఒక చిన్న గుంజ నిలిపి, దూరం నుంచి వలయాలు విసిరి దానిలో పడేటట్లు చేయాలి. ఎంత దూరంలో నిలబడాలన్నది ఆడేవాని ఇష్టం. కొందరు గుంజకు ఆనుకొని నిలబడతారు. వలయం తప్పక పడుతుంది, కాని అందులో ఘనత లేదు. కొందరు గది చివరకు పోయి విసురుతారు. పడితే అదృష్టం, పడకపోతే ఎవరూ నిందించరు. సాధనాకాంక్ష బలంగా ఉన్నవారు ఈ రెండూ చేయక నడిమి దూరంలో నిలబడతారు. అక్కడ గెలుపు నిశ్చయం కాదు, అసాధ్యమూ కాదు. నేర్పు పెరిగినకొద్దీ గెలుపు పెరుగుతుంది.

ఉద్యమశీలిని గురించిన పెద్ద అపోహ ఒకటి ఈ చిన్న ఆటతో తొలగిపోతుంది. లోకం అతన్ని జూదరి అనుకుంటుంది. నిజానికి అతనికి జూదమంటే గిట్టదు. గాలిలో దీపం పెట్టి దేవుని మహిమ కోసం ఎదురుచూసేవాడు కాడతడు. గాలి ఎటు వీస్తున్నదో చూసి, చేయి అడ్డుపెట్టి దీపం వెలిగించేవాడు. అతని సాహసానికి లెక్క ఉన్నది.

మెక్‌లెలండ్ చెప్పిన లక్షణాలు మరి రెండు ఉన్నాయి. మొదటిది: ఫలితానికి తానే పూచీ వహించగల పనులనే ఇట్టివారు కోరుకుంటారు. రెండవది: తాను చేసిన పని బాగున్నదో లేదో వెంటనే, స్పష్టంగా తెలియాలని ఆశిస్తారు. లాభం వారికి ప్రియమే. ఐతే అది ప్రధానంగా కొలబద్ద వంటిది. విద్యార్థికి మార్కులెట్టివో ఉద్యమశీలికి లాభనష్టాలు అట్టివి.

కాకినాడ ప్రయోగం

ఈ ఆకాంక్ష బాల్యంలో ఏర్పడేదేనని చాలామంది శాస్త్రజ్ఞులు భావించేవారు. పెద్దవయసువారిలో దాన్ని పెంపొందించడం సాధ్యమా అన్నది పరీక్షించాలని మెక్‌లెలండ్ తలపెట్టాడు. చిన్న పరిశ్రమల వారికి శిక్షణ ఇచ్చే సంస్థ ఒకటి, “సియెట్” అని పిలవబడేది, 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. దాని సహకారంతో 1964లో కాకినాడ వర్తకులు, చిన్న పరిశ్రమల యజమానులు 52 మందిని జట్లుజట్లుగా హైదరాబాదుకు రప్పించి శిక్షణ ఇచ్చారు. పోల్చిచూడడానికి మరొక పట్టణం కావాలి కదా. అదే జిల్లాలో, అటువంటి వర్తకులే ఉన్న రాజమహేంద్రవరాన్ని అందుకు ఎన్నుకున్నారు. ఈ విధంగా గోదావరి సీమలోని రెండు పట్టణాలు ప్రపంచ మనస్తత్వశాస్త్ర చరిత్రలో జంటగా చేరాయి.

ఆ శిక్షణలో చిట్టా ఆవర్జాలు వ్రాయడం నేర్పలేదు, అప్పులు ఇప్పించలేదు, యంత్రాలు పంచలేదు. అక్కడే బస చేసిన ఆ కొద్దిరోజులలో వారితో చేయించినవి చూడడానికి చిన్నపిల్లల పనులవలె ఉండేవి. ఒక బొమ్మ చూపి కథ వ్రాయమనేవారు. తరువాత ఆ కథలోని మనిషి ఏమి కోరుతున్నాడు, అడ్డంకి వస్తే ఏమి చేస్తున్నాడు, ఎవరి సహాయం అడుగుతున్నాడు అని విడదీసి చూపేవారు. తన కథలో తానే కనిపించేసరికి మనిషికి కళ్ళు తెరుచుకుంటాయి. ఆపై ఆటలు ఆడించి, ఎవరు ఎంత దూరంలో నిలుస్తున్నారో ఎవరికి వారే గమనించుకునేటట్లు చేసేవారు. ఈ కొత్త ఆలోచన తన కుటుంబానికి, తన ఆచారానికి, తాను విలువ ఇచ్చే విషయాలకు సరిపడుతుందా అని నలుగురిలో చర్చించుకునేవారు. చివరగా, రాబోయే రెండేండ్లలో ఏమి సాధించదలచినదీ కాగితంపై పెట్టి, ప్రగతిని మధ్యమధ్య సరిచూసుకోవలసి ఉండేది.

ఫలితాలను మెక్‌లెలండ్, అతని సహచరుడు డేవిడ్ వింటర్ 1969లో గ్రంథరూపంలో వెలువరించారు. తరువాతి రెండేండ్లలో శిక్షణ పొందినవారిలో సుమారు సగంమంది తమ వ్యాపారాలలో విశేషమైన చొరవ చూపారు. పొందనివారిలో అట్టివారు నాలుగోవంతు మాత్రమే. చిన్న రేడియో దుకాణం నడిపే ఒకాయన తిరిగివచ్చి, దుకాణంతోపాటు రంగుల, వార్నీషుల కర్మాగారం కూడా నెలకొల్పిన సంగతిని మెక్‌లెలండ్ ప్రత్యేకంగా పేర్కొన్నాడు. సగంమందిలో మార్పు లేదుగదా అని ఆక్షేపించవచ్చు. కాని కొద్దిరోజుల శిక్షణతో, పైసా పెట్టుబడి ఇవ్వకుండా, కేవలం ఆలోచన తీరు మార్చి సాధించిన ఫలితమిది.

ఈ ప్రయోగంలో తేలిన మరొక సంగతి అంతకంటె ముఖ్యమైనది. భారతీయుల కర్మసిద్ధాంతం, కులాచారం పరిశ్రమాభివృద్ధికి అడ్డుగోడలని మాక్స్ వెబర్ మొదలుకొని ఎందరో పాశ్చాత్య పండితులు వ్రాశారు. కాకినాడలో ఆ మాట నిలవలేదు. సంప్రదాయ విశ్వాసాలు పాటించేవారు ఇతరులకంటె వెనుకబడలేదు. మనిషి పైకి రావడానికి తన వేషభాషలను, దైవభక్తిని వదులుకోవలసిన అవసరం కనిపించలేదు. మార్చుకోవలసింది తలపాగా కాదు, తలలోని లెక్క.

కలం పుట్టిన కథ

కాకినాడ ప్రయోగానికి పోలికగా నిలిచిన రాజమహేంద్రవరం ఈ విషయంలో తక్కువ తిన్నదేమీ కాదు. ఆ ప్రయోగానికి మూడు దశాబ్దాలకు ముందే, ఏ శాస్త్రజ్ఞుడూ పాఠం చెప్పకుండానే, ఆ ఊరిలో ఒక మనిషి నడిమి దూరంలో నిలబడి వలయం విసిరాడు. ఆయన కె.వి. రత్నం. పుట్టింది స్వర్ణకార కుటుంబంలో. చేతిలో ఉన్నది లోహాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా మలిచే నేర్పు. 1921లో గాంధీజీని కలుసుకున్నప్పుడు, ప్రజలకు నిత్యం పనికివచ్చే స్వదేశీ వస్తువు ఏదైనా తయారుచేయమని ఆయన సలహా ఇచ్చినట్లు రత్నం సంస్థ చరిత్ర చెబుతున్నది.

ఆ రోజులలో బజారులో మంచి కలమంటే విదేశీ కలమే. బడిపంతులు జేబులోనిది, ప్లీడరు చేతిలోనిది, చివరకు స్వదేశీ ప్రచారం కోసం వ్యాసాలు వ్రాసేవారిది కూడా దిగుమతి సరుకే. స్వదేశీ కలం చేయాలని నిశ్చయించుకున్న రత్నం 1930ల తొలి సంవత్సరాలలో ఆ పనికి దిగారు. రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరిస్తే ఎబొనైట్ అవుతుంది. దాని కడ్డీని తరిమెనపై చేతితో చెక్కి, లోపల తొలిచి, మరలు కోసి, మూత బిగించి, పాళీ అమర్చాలి. సిరా కారకూడదు, ఆగకూడదు. బంగారుపని చేసిన వేళ్ళకు ఇది బొత్తిగా పరాయి పనీ కాదు, పూర్తిగా తెలిసిన పనీ కాదు. నడిమి దూరమంటే ఇదే.

కలం తయారైన తరువాత రత్నం చేసినది ఇంకా గమనింపదగినది. స్వదేశీ వస్తువుల విషయంలో ఆనాడు దేశంలో కెల్లా కఠినమైన పరీక్షకుని వద్దకే దాన్ని పంపారు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప ద్వారా అది గాంధీజీకి చేరింది. 1935లో గాంధీజీ ఆ కలంతో వ్రాసి చూసి, బజారులోని విదేశీ కలాలకు బదులుగా ఇది పనికివస్తుందని మెచ్చుకుంటూ ఉత్తరం వ్రాశారు. మామూలు మనిషి పొగిడేవారిని వెదకుతాడు. ఉద్యమశీలి తప్పు పట్టగలవారిని వెదకుతాడు. తన పని ఎట్లా ఉన్నదో నిక్కచ్చిగా తెలియాలన్న కోరిక ఇంతకంటె స్పష్టంగా కనిపించదు. ఎబొనైట్ కడ్డీని చేతితో చెక్కి కలం చేసే పనితనానికి రాజమహేంద్రవరం అప్పటినుంచి పేరు పొందింది.

మెట్టు మీద మెట్టు

రత్నం కథ చేతినేర్పుది. పెద్ద పరిశ్రమలోనూ మనసు నడిచే తోవ అదేనని తణుకు చెబుతుంది. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1921లో పుట్టారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే, ఇరవయ్యారేండ్ల వయసులో, తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. చుట్టూ చెరకు పండే నేల. కాబట్టి చక్కెర మొదటి మెట్టు. చక్కెర తీయగా మిగిలే మడ్డినుంచి ఆల్కహాలు వస్తుంది. అది రెండవ మెట్టు. ఆ రసాయన విద్య చేతికి వచ్చిన తరువాత ఆమ్లాలు, ఆస్పిరిన్ వంటి మందులు. 1980వ దశకంలో ఇస్రో సహకారంతో రాకెట్లకు కావలసిన ద్రవ ఇంధనం, డైమిథైల్ హైడ్రజీన్ తరగతికి చెందినది, అదే తణుకులో తయారైనది. పి.ఎస్.ఎల్.వి. రాకెట్ రెండవ అంచెలోని వికాస్ యంత్రం మండించేది ఆ తరగతి ఇంధనాన్నే. హరిశ్చంద్రప్రసాద్ 2011లో కాలం చేశారు.

చెరకుగడ నుంచి అంతరిక్షానికి అని చెప్పుకుంటే అద్భుతంగా ఉంటుంది. కాని 1947లో ఎవరైనా రాకెట్ ఇంధనం చేస్తామని మొదలుపెడితే అది గది చివర నుంచి వలయం విసరడమే అయ్యేది. చక్కెరతోనే తృప్తిపడి ఉంటే గుంజకు ఆనుకొని నిలవడమయ్యేది. ఆ సంస్థ చేసినది ప్రతి దశలోనూ ఉన్నచోటు నుంచి ఒక అడుగు మాత్రమే వెనుకకు జరిగి, మళ్ళీ విసరడం.

చేతిలో లేనివి

ఇంతమాత్రంచేత ఆకాంక్ష ఉంటే చాలు, అన్నీ అవే సమకూరుతాయనుకోవడం పొరపాటు. 1936లో నిడమర్తి సూరయ్య రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ పేరుతో స్టూడియో నిర్మించారు. ఊహకు లోపం లేదు, చొరవకు లోపం లేదు. కాని నటులు, సాంకేతికులు, యంత్రాలు, పెట్టుబడి అన్నీ మద్రాసులో పోగవుతున్న కాలమది. ఆ స్టూడియో చిరకాలం నిలవలేదు. ఓడినవాడు అసమర్థుడని తీర్పు చెప్పేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

కాకినాడ ప్రయోగంలోనే మరొక కఠినసత్యం బయటపడింది. శిక్షణ ప్రధానంగా ఫలించింది తమ సంస్థలో నిర్ణయాలు తామే చేసుకోగల వారి విషయంలో. ఇంటిపెద్ద మాటకో, భాగస్వామి మాటకో లోబడి నడిచేవారు ఎంత నేర్చుకున్నా చేయగలిగింది స్వల్పం. పూచీ వహించే మనసుకు పూచీ వహించే అధికారం కూడా తోడు కావాలి.

దీనికి నరసాపురం లేసు పరిశ్రమను మించిన దృష్టాంతం లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికి వచ్చిన అల్లికపని వేలాది గృహిణుల చేతులలో పెరిగింది. దారం, సూది, ఓర్పు వారివి. సరుకు సీమలు దాటి పోయేది. లాభం మధ్యవర్తులది, ఎగుమతిదారులది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథంలో ఈ సంగతిని వివరించింది: ఆ స్త్రీలు చేసేది పరిశ్రమ అని కాక, ఇంటిపట్టున తీరికవేళ చేసే కాలక్షేపమని లోకం లెక్కకట్టిన కారణంగానే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయింది. తన లేసు ఎక్కడ, ఎంతకు అమ్ముడుపోతున్నదో తెలియని మనిషికి తన నేర్పు ఫలితం ఎలా తెలుస్తుంది? వలయం విసిరేది ఆమె; గుంజ మాత్రం ఆమె కంటికి కనబడదు. అటువంటిచోట “నీలో తపన లేదు” అని నిందించడం అన్యాయం. ముందు ధర తెలియజేయాలి, నిర్ణయం చేతికివ్వాలి.

బడిలో జరగవలసినది

మెక్‌లెలండ్ తన 1961 గ్రంథం కోసం తిరగవేసినవి ఆర్థిక లెక్కలు మాత్రమే కావు. పిల్లల వాచకాలు కూడా. 1925 ప్రాంతంలోనూ 1950 ప్రాంతంలోనూ అనేక దేశాలలో చిన్న తరగతుల పిల్లలు చదివిన కథలను సేకరించి, వాటిలో సాధనాకాంక్ష పాలు ఎంత ఉన్నదో కొలిచాడు. అటువంటి కథలు మెండుగా ఉన్న దేశాలు తరువాతి తరంలో ఆర్థికంగా వేగంగా ఎదిగాయని ఆయన నిర్ణయం. ఈ లెక్కలపై తరువాతి పండితులు సందేహాలు వెలిబుచ్చకపోలేదు. అయినా వాచకం వ్రాసేవారికి, దాన్ని తరగతిలో చెప్పేవారికి ఆ ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది: మన కథలలోని పిల్లవానికి సంపద ఎలా వస్తున్నది? దారిలో దొరికిన లంకెబిందె వల్లనా, ముని ఇచ్చిన వరం వల్లనా, తాను వేసిన ఎత్తు వల్లనా? వరాల కథలు మానవలసిన పని లేదు. అవి ఊహకు రెక్కలు. వాటి పక్కన రత్నం కలం కథ కూడా ఉండాలి.

దీనికి ప్రత్యేకమైన పాఠ్యప్రణాళిక అక్కరలేదు. ఆటస్థలంలో ఒక గుంజ, నాలుగు వలయాలు చాలు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో పిల్లలచేతనే చెప్పించవచ్చు. వ్యాసం దిద్దేటప్పుడు మార్కు వేసి ఊరుకోక, ఏ వాక్యం ఎందుకు తప్పిందో చెప్పి, మళ్ళీ వ్రాయించి, రెండవ ప్రయత్నానికి విలువ ఇవ్వవచ్చు. తప్పు చేసినందుకు నలుగురిలో నవ్వుల పాలైన పిల్లవాడు ఇకముందు గుంజకు ఆనుకొనే నిలబడతాడు. పందెం పెద్దదిగా వేసి ఓడినవానిని ధీరుడని మెచ్చుకుంటే జూదరి తయారవుతాడు. తన శక్తిని సరిగా అంచనా వేసి, ఓడినా కారణం చెప్పగలిగిన పిల్లవానిని మెచ్చుకున్ననాడు ఉద్యమశీలి పుడతాడు.

పిల్లలందరూ కర్మాగారాలు పెట్టరు. పెట్టవలసిన అవసరమూ లేదు. జీతానికి పనిచేసేవారిలోనూ, పొలం దున్నేవారిలోనూ, లేసు అల్లేవారిలోనూ ఈ మనసు ఉండవచ్చు. కాకినాడ వర్తకులు నడివయసులో, సంసారభారం మోస్తూ, కొద్దిరోజులలో ఆలోచన మార్చుకోగలిగారు. పదేండ్ల పిల్లలు పదేండ్లపాటు బడిలో ఉంటారు. “రక్తంలో లేదు” అనే మాట ఇకమీదట ఏ ఉపాధ్యాయుని నోటా రాకూడదు.